అజెండా మొత్తం ఒక్క మాటతో ‘ఆమోదం’ అనేస్తే అది కౌన్సిలా, రబ్బరు స్టాంపా?

కాలువగట్టు:

మాది కృష్ణా డెల్టాలో ఒక రెండో గ్రేడు మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను. రాస్తే చర్చ కాస్తా చైర్మన్ గారి పార్టీ మీదికి పోతుంది. నేను అడిగేది పార్టీల గురించి కాదు.

మొన్నటి కౌన్సిల్ సమావేశం లోకల్ కేబుల్లో మొదటి నుంచి చివరిదాకా చూశాను. అజెండా నిండా రోజువారీ వ్యవహారాలే. ఫిల్టర్ బెడ్లకు పటిక, బ్లీచింగ్ పౌడర్ కొనుగోలు. పంపుహౌస్ మోటార్ల రీవైండింగ్. వీధి దీపాల సామాను. శివారు కాలనీలకు ట్యాంకర్ల అద్దె. డ్రైన్లలో పూడికతీత బిల్లులు. కూరగాయల మార్కెట్ ఆశీలు వేలం. మున్సిపల్ కాంప్లెక్సులో షాపు గదుల లీజు పొడిగింపు. మేనేజరు మొదటి అంశం చదివారు. రెండోది మొదలుపెట్టేలోపు ముందు వరుసలోంచి ఎవరో ‘అన్నీ ఆమోదం’ అన్నారు, మిగతావాళ్లు బల్లలు చరిచారు. ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని చైర్మన్ గారు ప్రకటించారు. టీ కప్పులు వచ్చేలోపే లక్షల రూపాయల ఖర్చు తీర్మానాలైపోయాయి.

తర్వాత జీరో అవర్ మాత్రం బాగా సాగింది. కుక్కలు, కోతులు, ఏ శిలాఫలకం మీద ఎవరి పేరు వేయలేదన్న గొడవ. చివర్లో కొత్త కమిషనర్ గారికి శాలువా.

‘రొటీన్ అంశాలేగా, చదివితే ఎంత చదవకపోతే ఎంత’ అని మా ఇంట్లోనే అన్నారు. నాకు మింగుడుపడలేదు. ఊరి డబ్బు ఖర్చయ్యేదే ఆ రొటీన్ అంశాల్లో. వాటి మీద నోరెత్తని కౌన్సిల్ దేనికి? మీ ఊళ్లలో ఎలా నడుస్తోందో చెప్పండి.

పాతఫైలు:

కాలువగట్టు గారూ, నేను మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. అలాంటి అజెండాలు నా చేత్తో ఎన్నో రాశాను. మీరు చూసింది నిజమే, దానికి మీరు చెప్పుకున్న అర్థమే సరికాదు.

పటిక కొనాలంటే కౌన్సిల్‌కు ఎందుకు రావాలి? పటిక మీద చర్చ జరగాలని కాదు. మున్సిపాలిటీ జనరల్ ఫండ్ నుంచి ఇలాంటి ఖర్చు చేయాలంటే దానికి వెనక ఒక తీర్మానం ఉండాలి, లేకపోతే రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అంచనా వేస్తాడు, ఆయన పైనున్న డీఈ చూస్తాడు, అకౌంట్స్‌లో నిధులున్నాయో లేదో రాస్తారు, కమిషనర్ నోటు పెడతారు. ఇన్ని చేతులు మారాకే అది అజెండాలో ఒక పేరా అవుతుంది. ప్రతి పేరానూ చదివి, ఒక్కొక్కరూ మాట్లాడితే సమావేశం మర్నాటి దాకా నడుస్తుంది. ఈలోపు ఫిల్టర్ బెడ్‌కు పటిక ఉండదు.

ఇంకో సంగతి. ఇలాంటి అంశాల్లో చాలావాటికి పని ఇప్పటికే అయిపోయి ఉంటుంది. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు, సమ్మర్ స్టోరేజి ట్యాంకు అడుగంటుతుంది, శివారు కాలనీవాళ్లు బిందెలతో రోడ్డెక్కుతారు. అప్పుడు కౌన్సిల్ సమావేశం కోసం ఆగుతామా? చైర్‌పర్సన్ దగ్గర ముందస్తు అనుమతి తీసుకుని ట్యాంకర్లు పెడతాం, తర్వాత ధ్రువీకరణకు పెడతాం. తాగేసిన నీళ్లకు ఇప్పుడు ‘ఆమోదం కాదు’ అని ఎవరనగలరు?

అజెండా కాపీ సమావేశానికి మూడు రోజుల ముందే సభ్యుల ఇంటికి చేరుతుంది. అనుమానం ఉన్నవాళ్లు ఆఫీసుకొచ్చి ఫైలు చూసుకోవచ్చు. ఇంట్లో చదివి వచ్చినవాళ్లు సభలో ‘ఆమోదం’ అంటే అది రబ్బరు స్టాంపు ఎలా అవుతుంది?

మాజీ సభ్యురాలు:

పాతఫైలు గారికి నమస్కారం. మీ కాలంలో ఎలా ఉండేదో గానీ, నేను కౌన్సిలర్‌గా ఉన్నప్పుడు మూడు రోజుల ముందు అజెండా ఇంటికి రావడమంటే పండగే. మా దగ్గర ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో ఫోన్‌తో తీసిన ఫొటోలు వచ్చేవి, సగం పేజీలు మసకగా. చేత్తో సంతకం పెట్టించుకునే రిజిస్టర్లో మాత్రం తేదీ సరిగ్గా మూడు రోజుల ముందుదే ఉండేది. సభకు వెళ్లాక కుర్చీ ముందు ఇంకో నాలుగు కాగితాలుండేవి. టేబుల్ అజెండా అంటారు. అసలు సరుకు అందులోనే ఉంటుందని నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది.

పూడికతీత సంగతి చెబుతాను, ఎందుకంటే ‘రొటీన్’ అనే మాట ఎంత పని చేస్తుందో అక్కడ తెలుస్తుంది. వానాకాలానికి ముందు డ్రైన్లలో సిల్టు తీయిస్తారు. రోడ్డు వేస్తే రోడ్డు కనబడుతుంది, కల్వర్టు కడితే కల్వర్టు కనబడుతుంది. పూడిక తీశారా లేదా అన్నది ఒక్క వాన పడ్డాక ఎవరూ తేల్చలేరు. నీళ్లు నిలబడితే ‘మళ్లీ నిండింది’ అంటారు, నిలబడకపోతే ‘చూశారా తీశాం’ అంటారు. అందుకే ఆ బిల్లులు ఎప్పుడూ పని అయ్యాక, ధ్రువీకరణకే వస్తాయి.

ఒకసారి మా వార్డు మెయిన్ డ్రైన్ పేరు కూడా ఆ జాబితాలో కనబడింది. నేను రోజూ ఆ డ్రైను పక్కనుంచే పాలకు వెళ్తాను. పార దిగింది లేదు, ట్రాక్టర్ ఆగింది లేదు. సభలో లేచి, ‘సిల్టు ఎన్ని ట్రిప్పులు పోయింది, ఎక్కడ పోశారు, ఎం-బుక్ తెప్పించండి’ అని అడిగాను. చేసిన పని కొలతలు రాసే పుస్తకం అది. నిశ్శబ్దం. చైర్మన్ గారు అసలు కోప్పడలేదు. ‘అమ్మా, మీ వార్డు పని విషయం నేను విడిగా చూస్తాను, ఈ అంశం మాత్రం పోనివ్వండి, మిగతా వార్డుల బిల్లులు ఆగిపోతాయి’ అన్నారు. అదీ కిటుకు. పది వార్డుల పని ఒకే అంశంగా కట్టేస్తే ఒకటి ఆపాలంటే పదీ ఆపాలి. పక్క వార్డు సభ్యుడే నా మీద లేచాడు.

కూర్చున్నాను. తీర్మానం ఏకగ్రీవం అని రాసుకున్నారు. నేను అడిగిన ప్రశ్న మినిట్స్‌లో లేనే లేదు.

ఇంకో మాట కూడా అనేస్తాను. మన దగ్గర సగం సీట్లు ఆడవాళ్లవి. ఆ సగంలో చాలామందికి అజెండా ఇంటికొస్తే అది చదివేది భర్తో బావగారో. సభకు ఏం అనాలో చెప్పి పంపుతారు. ‘అన్నీ ఆమోదం’ అన్నది అన్నిటికన్నా సులభంగా నేర్పగలిగే మాట.

టెక్సాస్ తెలుగువాడు:

బయటినుంచి ఒక మాట. నేను డల్లాస్ పక్కన ఒక చిన్న సిటీలో ఉంటున్నాను. ఇక్కడి సిటీ కౌన్సిల్ కూడా రొటీన్ అంశాలన్నీ ఒకే మాటతో ఆమోదిస్తుంది. దానికి కన్సెంట్ అజెండా అని పేరు కూడా ఉంది. పోయిన సమావేశం మినిట్స్, పైపుల కొనుగోలు, ఫైర్ ఇంజన్ రిపేరు కాంట్రాక్టు, అన్నీ ఒక గుత్తిగా పెట్టి ఒకే ఓటుతో అయిపోతాయి. కాబట్టి ఒక్క మాటతో ఆమోదించడమే తప్పు అంటే నేను ఒప్పుకోను.

కానీ దాని చుట్టూ మూడు కట్టుబాట్లున్నాయి. మొదటిది, ఏ సభ్యుడైనా సరే ‘ఫలానా నంబరు బయటికి తీయండి’ అంటే చాలు, దాన్ని గుత్తిలోంచి తీసి విడిగా చర్చించి విడిగా ఓటు వేస్తారు. కారణం చెప్పక్కర్లేదు, ఎవరి మద్దతూ అక్కర్లేదు. రెండోది, అజెండా, దాని వెనకున్న కాగితాలు ముందే వెబ్‌సైట్‌లో ఉంటాయి. టెక్సాస్‌లో బహిరంగ సమావేశాల చట్టం ఉంది, ముందుగా నోటీసులో పెట్టని విషయం మీద సభలో నిర్ణయం తీసుకోకూడదు. అత్యవసరమైతే తప్ప టేబుల్ అజెండా ఆట నడవదు. మూడోది, 2019 నుంచి అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా నిర్ణయానికి ముందు పౌరులు మాట్లాడటానికి అవకాశం ఇవ్వాలి. మా తెలుగువాళ్లు కూడా వెళ్లి మాట్లాడుతుంటారు, ఎక్కువగా కొత్త అపార్ట్‌మెంట్లు వద్దనడానికి. అది వేరే కథలెండి.

మాజీ సభ్యురాలి గారి పూడికతీత అంశం ఇక్కడైతే విడిపోయేది. అక్కడ విడిపోలేదు. నాకు కనిపించే తేడా అంతే.

బల్లచెక్క:

అన్నా, మా దగ్గర కూడా అంశాలు బయటికి తీస్తారు. కుర్చీలతో సహా.

పాతఫైలు:

టెక్సాస్ బాబూ, మన చట్టంలోనూ సభ్యుడు అభ్యంతరం చెబితే చర్చ జరగాల్సిందే, ఓటింగ్ అడగొచ్చు, అసమ్మతి నమోదు చేయించొచ్చు. చట్టం లేక కాదు. అడిగేవాళ్లు లేక.

అమ్మా, మీ ప్రశ్న మినిట్స్‌లో రాయకపోవడం తప్పే. దాన్ని నేను సమర్థించను. అలాంటప్పుడు నోటిమాటతో వదలకుండా చీటీ మీద ‘ఈ అంశానికి నా అసమ్మతి’ అని రాసి చైర్‌పర్సన్‌కు ఇచ్చి, దాని నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. తర్వాతి నెల మినిట్స్ ధ్రువీకరణకు వచ్చినప్పుడు మళ్లీ అడగాలి. ఎంతమంది సభ్యులు ఆ మినిట్స్ చదువుతారు చెప్పండి?

సిమెంటురోడ్డు:

అందరూ ఆఫీసు వైపో కౌన్సిల్ వైపో మాట్లాడుతున్నారు. నేను పని చేసేవాణ్ణి. చిన్న కాంట్రాక్టర్ని. నా మాట కూడా వినండి.

కౌన్సిల్‌లో ఒక అంశం ‘వాయిదా’ అన్నారంటే నెల పోయినట్టే. వచ్చే నెల కోరం లేక వాయిదా పడిందంటే రెండు. కూలీలకు వారంవారం ఇవ్వాలి, సిమెంటు షాపువాడికి వడ్డీ కట్టాలి. ఆ వాయిదా ఎందుకు పడిందో చూస్తే, అంశం మీద ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు. చైర్మన్‌కూ వైస్ చైర్మన్‌కూ పడకపోవడమో, లేకపోతే ఫలానా వార్డు సభ్యుణ్ణి నేను వెళ్లి ‘కలవలేదు’ అనో.

ఆంధ్రాలో 2019 జూలైలో పాత కౌన్సిళ్ల గడువు అయిపోయింది, 2021 మార్చిలో కొత్తవి వచ్చాయి. మధ్యలో కౌన్సిల్ బదులు ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారులు. నిజం చెబుతున్నా, ఆ కాలంలో ఫైలు ఒక టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్ మీదికి నడిచింది. ఎవరి ఇంటికీ వెళ్లి కూర్చోనక్కర్లేదు. రొటీన్ పనులు కమిషనర్‌కు వదిలేయండి, కౌన్సిల్ బడ్జెట్టు, పన్నులు, పెద్ద పనులు మాత్రం చూసుకోనివ్వండి. ఏ అంశాన్నీ చదవకుండా బల్లలు చరిచేదానికి ఆ బల్లల దగ్గరికి పంపడం ఎందుకు?

ఓరుగల్లు పోరడు:

మా తెలంగాణ ముచ్చట కూడా అదే. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో అయిపోయింది, ప్రత్యేకాధికారులు వచ్చారు. మొదట్లో అందరూ ‘హాయి’ అన్నారు. వీధిలైటు పోయినప్పుడు తెలిసింది. కౌన్సిలర్ అయితే పొద్దున్నే ఇంటి ముందు నిలబడి పట్టుకునేవాళ్లం. ప్రత్యేకాధికారికి ఇదొక్కటే పని కాదు, ఆయన్ని ఎక్కడ పట్టుకోవాలి?

పైగా మా 2019 చట్టంలో బడ్జెట్‌లో పది శాతం మొక్కలకే పెట్టాలి, నాటిన మొక్కలు బతక్కపోతే కౌన్సిలర్ పదవికే ఎసరు. అధికారం కలెక్టర్ దగ్గర, బాధ్యత కౌన్సిలర్ దగ్గర. అయినా నాకు కౌన్సిలరే కావాలి.

చెక్‌బందీ:

సిమెంటురోడ్డు గారు ప్రత్యేకాధికారుల కాలం బాగుందన్నారు కాబట్టి, ఆ కాలంలోనే ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి.

అప్పటిదాకా ఆంధ్రాలో ఇంటిపన్ను వార్షిక అద్దె విలువ మీద ఉండేది. 2020 నవంబరులో చట్టం మార్చి ఆస్తి మూలధన విలువ మీదికి తెచ్చారు. ఇళ్లకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార భవనాలకు 0.20 నుంచి 2 శాతం దాకా. అమలు 2021 ఏప్రిల్ నుంచి. ఆ చట్టం వచ్చేనాటికి చాలా పట్టణాల్లో ఎన్నికైన కౌన్సిల్ లేదు. 2021 మార్చి 10న ఓట్లు పడ్డాయి, 18న చైర్‌పర్సన్లు కూర్చున్నారు. కుర్చీ వెచ్చబడకముందే వాళ్ల అజెండాలోకి వచ్చిన పెద్ద అంశాల్లో ఒకటి ఈ పన్ను రేటు. చాలాచోట్ల ప్రతిపక్ష సభ్యులు కేకలు వేశారు, వాకౌట్ చేశారు, తీర్మానం మాత్రం అయిపోయింది.

అదే ఏడాది అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం మొదలైంది, దాంతో ఇంటింటికీ చెత్త సేకరణకు నెలనెలా రుసుము. ఊరంతా దాన్ని చెత్త పన్ను అనే పిలిచింది. కట్టనివాళ్ల షాపుల ముందు చెత్త పోసిన సంఘటనలు పేపర్లలో వచ్చాయి. చివరికి 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు గారు దాన్ని రద్దు చేస్తామని ప్రకటించారు. ఆ రుసుము మన కౌన్సిళ్ల ముందుకు వచ్చినప్పుడు ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. ‘ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు యూజర్ చార్జీల వసూలు, కౌన్సిల్ ఆమోదం కొరకు.’ పైన పటిక, కింద వీధి దీపాలు, మధ్యలో ఇది. మూడేళ్లు జనం తిట్టుకున్న విషయం అజెండాలో చూస్తే పటికలాగే ఉంది.

రొటీన్ ఏదో పెద్ద పని ఏదో ఎవరు విడదీస్తారు సార్? ఆఫీసేగా?

పాతఫైలు:

చెక్‌బందీ గారు మంచి ఉదాహరణ ఇచ్చారు, కానీ అది నా వాదనకే బలం.

ఆ ఇంటిపన్ను మార్పు ఎక్కడ మొదలైంది? కోవిడ్ ఏడాది కేంద్రం రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకునే వీలు ఇచ్చింది, దానికి సంస్కరణల షరతులు పెట్టింది. పట్టణ సంస్థల్లో ఆస్తిపన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టడం, నీళ్లకు, డ్రైనేజీకి యూజర్ చార్జీలు నిర్ణయించడం అందులో ఒకటి. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ అందరికన్నా ముందు పూర్తిచేశాయి. ఆంధ్రాకు 2,525 కోట్ల అప్పుకు అనుమతి వచ్చింది. 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణ గ్రాంట్లకు అలాంటి షరతే పెట్టింది, ఆస్తిపన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి (జీఎస్‌డీపీ) పెరిగే వేగంతో పెరగాలని. ఢిల్లీలో కుదిరిన లెక్కను మన ఊరి కౌన్సిలర్ సాయంత్రం దాకా నిలబడి మాట్లాడి మారుస్తాడా? మార్చలేడు. ఏడాదికి 15 శాతం కన్నా పెరగకుండా పెట్టిన పరిమితి కూడా పైనుంచి వచ్చిందే, కౌన్సిల్ సాధించింది కాదు.

కౌన్సిల్ ఒకవేళ ‘వద్దు’ అని తీర్మానం చేసినా ఆ తీర్మానాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. రాజ్యాంగానికి 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది, మున్సిపాలిటీలకు అప్పగించదగ్గవని 12వ షెడ్యూల్లో 18 అంశాలు రాశారు. అవి అప్పగించాలా వద్దా, ఎంతవరకు అప్పగించాలి అన్నది మాత్రం శాసనసభల ఇష్టానికే వదిలేశారు. 15వ ఆర్థిక సంఘం డబ్బు వచ్చినా అందులో 60 శాతం దేనికి ఖర్చుపెట్టాలో ముందే గీత గీసి వచ్చేది, సగం నీళ్లకు, సగం పారిశుద్ధ్యానికి. పారిశుద్ధ్య సిబ్బంది కాంట్రాక్టు ఒకప్పుడు కౌన్సిల్‌లో పెద్ద రగడ, 2020లో ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఆప్కాస్ వచ్చాక అదీ పోయింది. మిగిలింది పటిక. నిర్ణయించే పని లేనివాళ్లను పట్టుకుని ఎందుకు చర్చించరు అంటే ఎలా?

మాజీ సభ్యురాలు:

పాతఫైలు గారూ, పెద్దవి మా చేతుల్లో లేవు, చిన్నవి చర్చకు తగవు. అయితే మేం దేనికి వెళ్లినట్టు?

పన్ను రేటు మా చేతిలో లేదు, ఒప్పుకుంటాను. డ్రైన్లో పూడిక తీశారో లేదో చూసే కళ్లు మాత్రం మావే. ఢిల్లీవాళ్లకూ అమరావతివాళ్లకూ ఆ కళ్లు ఉండవు. మీ ప్రత్యేకాధికారికీ ఉండవు సిమెంటురోడ్డు తమ్ముడూ, ఆయన మా వీధిలో పాలకు రాడు.

షాపు గదుల సంగతే తీసుకోండి. పాతఫైలు గారికి బాగా తెలుసు. మూడేళ్లకోసారి 33 శాతం అద్దె పెంచి పాతవాళ్లకే పొడిగించే పద్ధతి. కాగితం మీద మున్సిపాలిటీకి లాభమే. ఎప్పుడో వేలంలో పాడుకున్న అద్దె మీద 33 శాతం అంటే ఇప్పటి బజారు అద్దెలో ఎంత? మా కాంప్లెక్సులో గది ఎవరి పేరున ఉందో వాళ్లెవరూ అందులో వ్యాపారం చేయడం లేదు. మున్సిపాలిటీకి కట్టేది ఒకటి, లోపల ఉన్నవాడి దగ్గర వసూలు చేసేది ఒకటి. ఇది ఊళ్లో టీ కొట్టు వాడికి కూడా తెలుసు. అజెండాలో మాత్రం ‘నిబంధనల మేరకు లీజు పొడిగింపు’ అని ఒక్క లైను. దాన్ని విడిగా తీయమని నేనూ ఇంకో ఇద్దరమూ పట్టుబట్టాం. ఓడిపోయాం. కానీ ఆసారి అసమ్మతి చీటీ ఇచ్చాం, ఎవరు నేర్పారో చెప్పను, ఆఫీసులోనే ఒక మంచి గుమాస్తా. తర్వాత ఆడిట్‌వాళ్లు ఆ ఫైలు అడిగారు. ఇద్దరు గదులు ఖాళీ చేశారు.

అంత చిన్న ఫలితానికే నాకు ఆ పదవీకాలం దండగ అనిపించలేదు.

సిమెంటురోడ్డు:

అక్కా, మీలా అడిగేవాళ్లు ఉంటే నాకూ అభ్యంతరం లేదు. ఎం-బుక్ తెప్పించండి, ట్రిప్పులు లెక్కపెట్టండి. నేను చేసిన పనికి నాకేం భయం? నా బాధ అడిగేవాళ్ల గురించి కాదు, ఏమీ అడగకుండా ఆపేవాళ్ల గురించి. వాయిదా వేస్తే ఎందుకో కారణం రాసి వేయమనండి. ఆ ఒక్క రూలు పెట్టండి చాలు.

కాలువగట్టు:

చర్చ నేననుకున్నదానికన్నా బాగా నడుస్తోంది. ఒకటి అడుగుతాను. ఒకే మాటతో ఆమోదించడాన్ని మానేయమని ఇప్పుడు నేనూ అనను. అజెండాను రెండుగా విడగొడితే? ‘ఏ’ జాబితాలో నిజంగా రోజువారీ కొనుగోళ్లు. ‘బి’ జాబితాలో పని అయిపోయాక ధ్రువీకరణకు వచ్చేవి, రెండోసారి పొడిగింపు అడిగేవి, మున్సిపల్ ఆస్తి ఎవరికైనా ఇచ్చేవి, జనం జేబులోంచి కొత్తగా డబ్బు తీసేవి. ‘ఏ’ మొత్తానికి ఒక మాట, ‘బి’లో ఒక్కోదానికి ఒక్కో ఓటు. ఎవరైనా ఒక్క సభ్యుడు అడిగితే ‘ఏ’ నుంచి ‘బి’కి మారిపోవాలి. టేబుల్ అజెండాలో తాగునీరు, అంటురోగాలు, తుపాను తప్ప ఇంకేమీ రాకూడదు.

పాతఫైలు:

కాగితం మీద బాగుంది. కానీ మీ ‘బి’ జాబితా చూడండి. ధ్రువీకరణలన్నీ అందులో పడేశారు. ఎండాకాలంలో అజెండాలో సగం అవే. జూన్ సమావేశం రాత్రి దాకా నడుస్తుంది, తొమ్మిదింటికి కోరం ఉండదు, మళ్లీ సిమెంటురోడ్డు గారి బిల్లు వచ్చే నెలకు పోతుంది. మీరు ఒక్క సభ్యుడు అడిగితే చాలన్నారు. చైర్మన్ అంటే పడని సభ్యుడు ప్రతి నెలా ప్రతి అంశాన్నీ అడుగుతాడు. ఏం చేస్తారు?

టెక్సాస్ తెలుగువాడు:

అడగనివ్వండి సార్. ఇక్కడా అలాంటివాళ్లు ఉంటారు. రెండు మూడు నెలలు చేస్తారు, పక్కనున్న సభ్యులకే విసుగొస్తుంది, తర్వాతి ఎన్నికల్లో ఓటర్లకు చెబుతారు. అడిగే హక్కును దుర్వినియోగం చేస్తారని హక్కే తీసేస్తే, చివరికి ప్రశ్న అడగాలనుకున్న ఆ అక్కగారే నష్టపోతారు. అడ్డుపడేవాడికేం కాదు, వాడు కుర్చీ విసురుతాడు.

ఓరుగల్లు పోరడు:

చైర్మన్‌ను మనమే నేరుగా ఎన్నుకుంటే ఈ బేరాలు ఉండవేమో? ఉమ్మడి రాష్ట్రంలో 2000 ఎన్నికల్లో నేరుగానే ఎన్నుకున్నారు, 2005 నుంచి కౌన్సిలర్లు ఎన్నుకుంటున్నారు. ఇప్పుడు చైర్మన్‌కు ప్రతి సభ్యుడి చేయీ కావాలి, అందుకే ఎవరి వార్డు బిల్లునూ ఎవరూ ప్రశ్నించరు.

చెక్‌బందీ:

అది వేరే దారం తీయాల్సినంత పెద్ద విషయం. నేరుగా ఎన్నికైన చైర్మన్ ఒక పార్టీ, కౌన్సిల్ మెజారిటీ ఇంకో పార్టీ అయితే బడ్జెట్టే కదలదు. దాన్ని ఇక్కడ కలపకండి.

డిగ్రీఫైనల్:

నేను కొత్త. ఒక చిన్న డౌట్. మా మున్సిపాలిటీ అజెండా గానీ మినిట్స్ గానీ మామూలు మనిషి ఎక్కడ చూడాలి? వెబ్‌సైట్‌లో వెతికితే కమిషనర్ ఫొటో, పన్ను కట్టే లింకు తప్ప ఏం లేదు.

పాతఫైలు:

మంచి ప్రశ్న బాబూ. సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4(1)(బి) చూడు. ఎవరూ అడగకముందే ఆఫీసు తనంతట తాను బయటపెట్టాల్సిన వాటి జాబితా అందులో ఉంది. కౌన్సిళ్లు, కమిటీల సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్నది కూడా అందులో ఒకటి. ముందు వెళ్లి ఆ ప్రకటన చూపించమని అడుగు. లేదంటే తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి పది రూపాయల ఫీజు కట్టి ఇవ్వు, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి.

ఎలా రాయాలో కూడా చెబుతా. ‘గత ఏడాది తీర్మానాలన్నీ ఇవ్వండి’ అని రాయకు. కట్టలు కట్టలు జిరాక్సు ఖర్చు కట్టమంటారు, నువ్వు వెనక్కి తగ్గుతావు. ఒక నెల పేరు రాయి. ఆ నెల అజెండా, టేబుల్ అజెండా, మినిట్స్, మూడూ విడివిడిగా అడుగు. టేబుల్ అజెండా అని ప్రత్యేకంగా రాయకపోతే దాన్ని కలపరు. ముందు ఫైలు చూస్తానని అడుగు, చూశాక కావలసిన పేజీలకే నకలు తీసుకో. ఎక్కువ ఖర్చు కాదు.

మాజీ సభ్యురాలు:

దాంతోపాటు పూడికతీత ఉన్న నెల అయితే ఎం-బుక్ పేజీలు, ట్రాక్టర్ ట్రిప్ షీట్లు కూడా అడుగు నాన్నా. మీ వీధి పేరు ఉందేమో చూడు. నాకు తెలియజెయ్యి.

డిగ్రీఫైనల్:

థాంక్స్ సార్, థాంక్స్ ఆంటీ. మే నెలది అడుగుతాను. మా వీధి డ్రైను మీద ఒక పక్క బండి ఆపుకుంటారు, ఇంకో పక్క మొక్కలు మొలిచాయి.

కాలువగట్టు:

మా వార్డు సభ్యుడితో మాట్లాడాను. వచ్చే సమావేశంలో కనీసం లీజు పొడిగింపు, పూడికతీత రెండూ విడిగా తీయమని రాతపూర్వకంగా ఇస్తానన్నాడు. ఇస్తాడో లేదో చూడాలి. కేబుల్లో కాకుండా ఈసారి హాలుకే వెళ్తాను, లోపలికి రానివ్వకపోతే అదీ ఇక్కడే రాస్తాను.

సిమెంటురోడ్డు:

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. నాలుగో వార్డు సైడు డ్రైను బిల్లు మాత్రం ఆ విడి జాబితాలో వేయించకండి, దండం పెడతా. దీపావళికి ముందు చేసిన పని అది.

మాజీ సభ్యురాలు:

తమ్ముడూ, ఎం-బుక్ సరిగ్గా ఉంటే అది ముందే తేలిపోతుంది. మొదటి నంబరు దానికే వేయిద్దాం.